కుష్ఠరోగము: పాత తైలము, క్రొత్త వైద్యము

బాలబాలికలారా, నొప్పి మనకు శత్రువని తలంతుము గాని, నిజమునకు అది మన దేహమునకు కావలివాడు. పొయ్యిమీది గిన్నె తగిలినపుడు చేతిని వెనుకకు లాగించునది నొప్పియే. కుష్ఠరోగము ఈ కావలివానినే తొలగించును. దాని సూక్ష్మక్రిములు చర్మమునందును నరములందును చేరి, మొదట స్పర్శజ్ఞానమును, పిదప కండరముల బలమును హరించును. వ్రేళ్లు కొంకరలు పోవును. కాలినను కోసికొన్నను రోగికి తెలియదు. ఆ పుండ్లు ముదిరి వ్రేళ్లు కురుచలగును.

ఈ రోగమునకు మన పూర్వులు చెప్పిన మందొకటి కలదు. పశ్చిమసముద్ర తీరమున పెరుగు తువరక వృక్షపు గింజల తైలమును సుశ్రుతసంహిత కుష్ఠమునకు విధించినది. అట్టి గింజలనే చీనా వైద్యులును వాడిరి. 1854లో కలకత్తాలోని డాక్టరు మవాట్ ఆ తరగతికి చేరిన చాల్‌ముగ్రా తైలమును పాశ్చాత్య వైద్యులకు తెలియజేసెను. కాని త్రాగిన వారికి వాంతులగుచుండెను. 1915వ సంవత్సర ప్రాంతమున హవాయి ద్వీపములలో ఆలిస్ బాల్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు దానిని సూదిమందుగా నిచ్చుటకు తగిన రూపమునకు తెచ్చెను. మన తెలుగునాట నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ నెలకొల్పిన ఆసుపత్రిలో ఈ జాతి తైలమును సూదిమూలమున నిచ్చిరి.

ఆ తైలము కొందరికి మేలు చేసినను, రోగమును నిర్మూలింపజాలకపోయెను. 1940 తరువాత డాప్సోను అను మందు దాని స్థానము నాక్రమించెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందులను కలిపి యిచ్చు పద్ధతిని సిఫారసు చేసెను. నేడు ఆరు లేక పండ్రెండు నెలల చికిత్సతో రోగము కుదురును. మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును.

అయినను, చాలకాలము చెడియున్న నరమునకు మందు తిరిగి ప్రాణము పోయజాలదు. అందుచేత 1948లో వెల్లూరున డాక్టరు పాల్ బ్రాండ్, బలము చెడని కండరపు స్నాయువును పడిపోయిన వ్రేళ్లకు అతికి, వ్యాయామముచే వానికి మరల పని నేర్పించెను. స్పర్శ లేని చేతులను, పాదములను ప్రతిదినము పరీక్షించి, నీటిలో నానబెట్టి, పిదప నూనె రాయవలెను. ఇందులకు మన కోనసీమ కొబ్బరినూనెయే చాలును. నూనె రోగమును చంపదు. చర్మము పగులకుండ కాపాడును. దాని పని యింతవరకే.

పాతదని దేనిని త్రోసివేయరాదు, పాతదని నమ్మియు నుండరాదు. ఏ మందు ఏ పనికి తగునో పరీక్షించి తెలిసికొనుటయే వివేకము. మీ ఒంటిమీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనబడినచో, సిగ్గుపడి దాచక, వెంటనే పెద్దలకు చెప్పుడు. తల్లిదండ్రులారా, తైలములు రాయుచు నెలలు గడపక, బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపొండు. రోగము కుదిరిన వానిని వేరుగా చూడకుడు. ఆలస్యమైన ఆ నెలలలో చెడిన నరము మరల రాకపోవచ్చును.