బుట్ట మోసే అబ్బాయి మనవైపు చూస్తున్నాడు
(ఈ నెల పాఠం: నిత్యజీవిత చిత్రాలు)



మ్యూజియం, పెయింటింగ్ అనగానే మనకు రాజులు, రాణులు, దేవదూతలు, యుద్ధాలు గుర్తొస్తాయి. ఐరోపాలో చాలాకాలం చిత్రకారులకు పేరు తెచ్చినవి కూడా అలాంటి బొమ్మలే. మత కథలు, చరిత్ర ఘట్టాలు గీస్తే గొప్ప కళ. బట్టలు ఉతికేవాళ్లనో, మూటలు మోసేవాళ్లనో గీస్తే తక్కువ రకం అని అప్పటి పండితులు లెక్క కట్టేవారు. అయినా మామూలు మనుషుల రోజువారీ పనులను శ్రద్ధగా గీసినవాళ్లు కొందరున్నారు. ఇలాంటి చిత్రాలను ఇంగ్లిష్‌లో జాన్రా పెయింటింగ్ అంటారు. తెలుగులో నిత్యజీవిత చిత్రాలు అనుకోవచ్చు. ఈ నెల 6, 7 తరగతుల ఇంగ్లిష్ పిక్చర్ డిస్క్రిప్షన్ పాఠానికి ఇటలీ చిత్రకారుల బొమ్మలు రెండు తీసుకున్నాం. ఇంట్లో పిల్లలు వాటి గురించి మాట్లాడితే మీకూ తెలిసి ఉండాలని ఈ వ్యాసం.

మొదటి బొమ్మ: బొబ్బర్లు తినే మనిషి

దీన్ని గీసింది బొలోన్యా నగరానికి చెందిన అన్నిబాలే కరాచ్చి (1560–1609). 1580లలో గీసిన ఈ చిత్రం ఇప్పుడు రోమ్‌లోని కొలొన్నా గ్యాలరీలో ఉంది. గడ్డి టోపీ పెట్టుకున్న ఒక శ్రామికుడు బల్ల ముందు కూర్చుని భోజనం చేస్తుంటాడు. గిన్నెలో బొబ్బర్లు, పక్కన రొట్టె, ఉల్లికాడలు. చెంచా నోటి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. తింటున్న సమయంలో ఎవరో తలుపు తీసినట్టు తలెత్తి మనవైపు చూస్తుంటాడు. చెంచాలోంచి పులుసు చుక్కలు గిన్నెలోకి జారుతున్నాయి.

పిల్లలకు ఈ బొమ్మ వెంటనే నచ్చింది. బొబ్బర్లు వాళ్లకు తెలిసినవే కదా! ఐదు నిమిషాలు కదలకుండా చూసి, కనిపించినవన్నీ ఇంగ్లిష్‌లో రాయమంటే కొందరు ఇరవై వాక్యాల దాకా రాశారు. బాగా చూసినవాళ్లకు రాయడానికి మాటలు వాటంతటవే దొరుకుతాయి.

రెండో బొమ్మ: బుట్ట మోసే అబ్బాయి

ఈ పాఠానికి అసలు నాయకుడు జాకొమో చెరూతి. 1698లో మిలాన్‌లో పుట్టి, 1767లో అక్కడే మరణించాడు. ఉత్తర ఇటలీలోని బ్రెషా నగరంలో చాలాకాలం పనిచేశాడు. ధనవంతుల పోర్ట్రెయిట్లు, చర్చిలకు మత చిత్రాలు గీసి సంపాదించుకున్నాడు. కానీ ఆయన్ని ఈ రోజు ప్రపంచం గుర్తుపెట్టుకున్నది వేరే బొమ్మలతో. బట్టలు ఉతికే స్త్రీ, ఒడిలో దిండు పెట్టుకుని లేసు అల్లే ఆడపిల్లలు, చెప్పులు కుట్టేవాళ్లు, బిచ్చగాళ్లు. అందుకే ఆయనకు 'పితొక్కెత్తో' అనే మారుపేరు వచ్చింది. పితొక్కో అంటే ఇటాలియన్‌లో బిచ్చగాడు.

చెరూతి పోయాక ఈ చిత్రాలను దాదాపు మర్చిపోయారు. 20వ శతాబ్దంలో బ్రెషా దగ్గరి పదెర్నెల్లో కోటలో ఉన్న ఆయన చిత్రాల వరుస వెలుగులోకి వచ్చాక మళ్లీ చర్చ మొదలైంది. 1953లో మిలాన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనతో ఆయన పేరు నిలబడింది. 2023లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో గెట్టీ మ్యూజియం కూడా ఆయన చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

తరగతిలో చూపించిన బొమ్మ మిలాన్‌లోని బ్రేరా మ్యూజియంలో ఉంది. సుమారు 1735లో గీసినది. అప్పట్లో ఇటలీ పట్టణాల్లో కొందరు పేద పిల్లలు పెద్ద బుట్టలు భుజానికి తగిలించుకుని, సంతలో కొన్న సరుకులు ఇళ్లకు చేరవేసేవారు. అలాంటి అబ్బాయి ఒకడు కాసేపు అలసట తీర్చుకోవడానికి కూర్చున్నాడు. భుజాన బుట్ట, దగ్గర్లో కోడిగుడ్లు, కోళ్లు. అవి అతనివి కావు, ఎవరింటికో చేరాల్సినవి. అబ్బాయి మనవైపు చూస్తుంటాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో పేదవాళ్లను బొమ్మల్లో పెడితే తరచుగా నవ్వించడానికే పెట్టేవారు. తాగి తూలేవాళ్లు, కొట్టుకునేవాళ్లు, వెకిలి మొహాలు. చెరూతి అలా చేయలేదు. మీటరు కన్నా ఎత్తైన కాన్వాస్ మీద, ఒక జమీందారు కొడుకు పోర్ట్రెయిట్‌కు ఇచ్చేంత చోటు ఈ అబ్బాయికి ఇచ్చాడు. మొహంలో అలసట ఉంది. మనల్ని ఏడిపించాలని గానీ, నవ్వించాలని గానీ గీసినట్టు ఉండదు.

తరగతిలో వచ్చిన ప్రశ్న

"ఆ అబ్బాయికి ఈ రోజు స్కూలు సెలవా, మేడమ్?" అని ఒక పాప అడిగింది. లేదమ్మా, ఆ కాలంలో అలాంటి పిల్లలకు బడి తప్పనిసరి కాదు అని చెప్పాను. అక్కడి నుంచి సోషల్ పాఠంలోకి వెళ్లాం. మన దేశంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చిన చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ తేదీ పిల్లలు చకచకా రాసుకున్నారు.

అప్పుడే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, "చదవకపోతే నువ్వూ ఇలాగే బుట్టలు మోస్తావని మా ఇంట్లో అంటారు" అన్నాడు. తరగతంతా నవ్వింది. సగం మంది చేతులెత్తి "మా ఇంట్లో కూడా!" అన్నారు.

ఈ మాట మనందరి ఇళ్లలో ఉన్నదే. పిల్లలు బాగుపడాలనే అంటాం, వేరే ఉద్దేశం ఉండదు. కానీ బొమ్మ ముందు నిలబడి ఆలోచిస్తే ఈ మాటలో రెండు ఇబ్బందులు కనిపిస్తాయి.

మొదటిది, అది నిజం కాదు. చెరూతి గీసిన అబ్బాయి చదవకపోవడం వల్ల బుట్ట మోయడం లేదు. బుట్ట మోయాల్సి రావడం వల్ల చదవలేకపోయాడు. కారణాన్ని, ఫలితాన్ని మనం తారుమారు చేసి చెబుతున్నాం. చదువుకునే అవకాశం దొరకడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు అని పిల్లలకు తెలియాలి.

రెండోది, ఆ భయంతో పిల్లవాడు రెండు పేజీలు ఎక్కువ చదవొచ్చేమో గానీ, దాంతో పాటు ఇంకొకటి కూడా నేర్చుకుంటాడు. పని చేసే మనిషి అంటే ఓడిపోయిన మనిషి అని. ఆ పిల్లవాడే రేపు వ్యాన్ డ్రైవర్ అంకుల్‌ని, ఆయమ్మని, వాచ్‌మన్ తాతని ఏ కళ్లతో చూస్తాడు? పొద్దున్నే వాళ్ల చేతుల్లోనే కదా మన పిల్లలను పెడుతున్నాం.

ఆ రోజు పిల్లలతో ఇంకో వాక్యం రాయించాను. 'ఈ అబ్బాయికి బాగా వచ్చిన పని ఏమిటి?' అని. "గుడ్లు పగలకుండా తీసుకెళ్లడం" అని చాలామంది రాశారు. "బరువు మోస్తూ దారి గుర్తుపెట్టుకోవడం" అని ఒక పాప రాసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. సెలవు రోజు పిల్లలతో కలిసి ఇంటర్నెట్‌లో ఈ ఇద్దరు చిత్రకారుల బొమ్మలు వెతకండి. ఒక్కో బొమ్మను కనీసం మూడు నిమిషాలు చూడనివ్వండి. ముందే వివరించవద్దు. 'ఏం కనిపిస్తోంది? ఎలా చెప్పగలవు?' అని మాత్రం అడగండి.

2. మీ ఇంటికి, వీధికి పని చేసిపెట్టే ఒకరిని ఎంచుకోమనండి. పాలు వేసే ఆయన, ఇస్త్రీ చేసే ఆవిడ, కూరగాయల బండి ఆయన, ఎవరైనా సరే. వాళ్ల పేరు అడగాలి, గారు అని పిలవాలి. వాళ్లు ఒప్పుకుంటేనే, తీరికగా ఉన్నప్పుడే మాట్లాడాలి. అడగకుండా ఫోన్‌తో ఫొటోలు తీయవద్దు.

3. వాళ్లు పనిలో వాడే వస్తువులు, చేతుల కదలిక గమనించి పెన్సిల్‌తో బొమ్మ గీయాలి. కింద ఐదు ఇంగ్లిష్ వాక్యాలు, ఐదు తెలుగు వాక్యాలు రాయాలి. పాపం అనే మాట వాడకుండా రాయాలన్నది ఒక్కటే నియమం.

4. గీసిన బొమ్మ ముందుగా ఆ మనిషికే చూపించాలి. తర్వాత తరగతికి పంపండి.

బొమ్మ చక్కగా రాకపోయినా పర్వాలేదు, దానికి మార్కులు లేవు. మీరు దగ్గరుండి దిద్దకండి, పిల్లలు చూసింది పిల్లలనే రాయనివ్వండి. వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్ రోజు వీటిని వరండాలో పెడతాం. పిల్లలు ఎవరి బొమ్మ గీశారో వాళ్లను కూడా వీలైతే ఆ రోజు మీతో పాటు తీసుకురండి. వాళ్లకూ కుర్చీలు వేసి ఉంచుతాం.