సెరెంగెటీ నుంచి శామీర్‌పేట దాకా: సఫారీ అంటే ఏమిటి? ఎలా చూడాలి?



టీవీలో జంతువుల ఛానల్ పెట్టినప్పుడల్లా మన హాలులో మాటలు ఆగిపోతాయి. సింహం జీబ్రా వెంట పడుతుంటే అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోతుంది. "అన్నా, అక్కడికి మనం పోగలమా?" అని చిన్న తరగతుల తమ్ముళ్లు మమ్మల్ని చాలాసార్లు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ పాఠం రాస్తున్నాం. పోటీ పరీక్షలకు తయారయ్యేవారికి కూడా ఉపయోగపడేలా అంశాలను విడివిడిగా ఇస్తున్నాం.

1. సఫారీ అనే మాట

తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో 'సఫారీ' అంటే ప్రయాణం. ఈ మాట అరబ్బీలోని 'సఫర్' నుంచి వచ్చింది. హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్త మాట కాదు. ఉర్దూలో ప్రయాణాన్ని సఫర్ అనే అంటారు, ప్రయాణికుణ్ని ముసాఫిర్ అంటారు. అంటే ఊరి నుంచి హాస్టల్‌కు బస్సెక్కి వచ్చిన రోజే మనమంతా ఒక సఫారీ చేశామన్నమాట.

ఈ మాటకు తెల్లదొరల కాలంలో వేట అనే అర్థం అంటుకుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో తన కొడుకుతో కలిసి తూర్పు ఆఫ్రికాకు వెళ్లాడు. ఆ యాత్రలో తండ్రీకొడుకులు కలిసి 512 జంతువులను కాల్చారు. ఇప్పుడు టూరిస్టులు చెప్పుకునే 'బిగ్ ఫైవ్' అనే పేరు కూడా వేటగాళ్లు పెట్టిందే. సింహం, ఏనుగు, అడవి దున్న, చిరుతపులి, ఖడ్గమృగం అనే ఈ అయిదింటిని కాలినడకన వేటాడటం అన్నిటికంటే ప్రమాదం కాబట్టి వాటికి ఆ పేరు వచ్చింది. కెన్యా ప్రభుత్వం 1977లో వేటను నిషేధించింది. తుపాకీ పోయి కెమెరా వచ్చింది.

మన దగ్గరా ఇదే జరిగింది. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి, మెదక్ వైపు పోచారం అడవి ఒకప్పుడు నిజాముల వేట స్థలాలు. ఈనాడు అవి వన్యప్రాణులకు రక్షణ ఉన్న చోట్లు.

2. పేర్లు, తేడాలు

పరీక్షల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

జూపార్కు: జంతువులను ఎన్‌క్లోజర్లలో ఉంచి, తిండి పెట్టి పెంచే చోటు. హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో ప్రారంభమైంది.

జింకల పార్కు: కంచె వేసిన చిన్న వనం. మనకు దగ్గరగా శామీర్‌పేట చెరువు వైపు, కరీంనగర్ రోడ్డుకు ఆనుకొని ఉన్న జవహర్ జింకల పార్కు ఇలాంటిదే. విస్తీర్ణం 54 ఎకరాలు. చుక్కల జింకలు, నెమళ్లు కనిపిస్తాయి.

అభయారణ్యం: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించిన అడవి. పశువుల మేత వంటి కొన్ని హక్కులు నియమాలకు లోబడి కొనసాగవచ్చు.

జాతీయ పార్కు: అదే చట్టం కింద మరింత కఠినమైన రక్షణ. ఇందులో పశువులను మేపడం నిషేధం. తెలంగాణలో మూడు ఉన్నాయి: జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరులోని మృగవని. మూడూ హైదరాబాద్‌లోనో దాని అంచునో ఉండటం విశేషం.

టైగర్ రిజర్వు: 1973లో మొదలైన ప్రాజెక్ట్ టైగర్ కింద వచ్చినవి. మనకు అమ్రాబాద్, కవ్వాల్ ఉన్నాయి.

3. సెరెంగెటీలో ఏముంది?

టాంజానియాలోని సెరెంగెటీ 1951లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వెయ్యి చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అలాంటి జిల్లాలు సుమారు పద్నాలుగు పక్కపక్కన పెడితే ఆ పార్కు అంత అవుతుంది. శామీర్‌పేట జింకల పార్కు చదరపు కిలోమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు (1926) ఇంకా పెద్దది, ఇరవై వేల చదరపు కిలోమీటర్లకు దగ్గర.

సెరెంగెటీకి పేరు తెచ్చింది వైల్డ్‌బీస్ట్‌ల వలస. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు జీబ్రాలు, గెజెల్‌లు ఏడాది పొడవునా వాన వెంట, గడ్డి వెంట తిరుగుతాయి. ఏడాది మొదట్లో దక్షిణాన పొట్టి గడ్డి మైదానాల్లో ఈనుతాయి. అక్కడి నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది కాబట్టి గడ్డిలో ఖనిజ లవణాలు ఎక్కువ, తల్లులకు పాలు బాగా పడతాయి. పుట్టిన పిల్ల నిమిషాల్లోనే లేచి పరుగెత్తుతుంది. జూలై నుంచి అక్టోబరు మధ్య మందలు ఉత్తరానికి చేరి, మొసళ్లున్న మారా నదిని దాటి కెన్యాలోని మసాయి మారాకు పోతాయి.

పాలమూరు వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఇది వేరుగా చెప్పనక్కర లేదు. గొల్లకుర్మల మందలు మేత కోసం నెలల తరబడి కృష్ణా, గోదావరి ఆయకట్టు వైపు పోవడం వాళ్లు చూసే ఉంటారు. వానను బట్టి మంద కదులుతుంది. సూత్రం ఒకటే.

ఒకే గడ్డిని ఇన్ని జంతువులు ఎలా పంచుకుంటాయి? జీబ్రా ముందుగా వచ్చి ముదురు గడ్డి పైభాగం తింటుంది. తరువాత వైల్డ్‌బీస్ట్ ఆకును తింటుంది. చివర వచ్చే చిన్న గెజెల్ నేలకు దగ్గరగా ఉన్న లేత చిగుళ్లు కొరుకుతుంది. ఒకే బీడులో బర్రెలు వదిలేసిన గడ్డిని గొర్రెలు తినడం మన ఊళ్లో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

4. ఆఫ్రికాలో లేనిది, శామీర్‌పేటలో ఉన్నది

ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. ఇది చాలామందికి తెలుసు. కాని సహారా ఎడారికి దక్షిణాన సహజంగా జింక జాతి కూడా లేదని తెలుసా? టీవీలో మనం జింకలనుకునే ఇంపాలా, గెజెల్ వంటివన్నీ యాంటిలోప్‌లు.

తేడా కొమ్ములో ఉంది. చుక్కల జింక (దుప్పి), కణితి అసలైన జింక జాతివి. మగవాటికే కొమ్ములుంటాయి, అవి కొమ్మలుగా చీలుతాయి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. కొత్త కొమ్ము మీద మెత్తని చర్మం ఉంటుంది. యాంటిలోప్ కొమ్ము ఆవు కొమ్ములాగా ఒకసారి మొలిస్తే జీవితాంతం ఉంటుంది, కొమ్మలుగా చీలదు. కృష్ణజింక పేరులో జింక ఉన్నా అది యాంటిలోపే. మనుబోతు, కొండగొర్రె కూడా అంతే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో చుక్కల జింకను మన రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. సెరెంగెటీ దాకా పోయినవారికి అక్కడ కనిపించనిది మన మేడ్చల్ పిల్లలకు సిటీ బస్సు దూరంలో కనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. పత్రికల్లో చీతాను కూడా చిరుత అని రాస్తుంటారు. చిరుతపులి వేరు, చీతా వేరు. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకు తెచ్చారు.

5. చూడటం ఎలా?

సఫారీకి పోయి జీపులో కూర్చుంటే జంతువులు వరసగా వచ్చి నిలబడవు. అక్కడి గైడు దుమ్ములో అడుగు చూసి, పక్షి అరుపు విని, గడ్డి కదలిక గమనించి చెబితేనే టూరిస్టుకు కనబడుతుంది. ఈ విద్యను ఇక్కడే నేర్చుకోవచ్చు.

మేము పీజీ చదివేవాళ్లం కొందరం హాస్టల్ పిల్లలను ఒక ఆదివారం శామీర్‌పేట పార్కుకు తీసుకుపోయాం. నోటుబుక్కులో మూడు గడులు గీయించాం: సమయం, ఎన్ని, ఏం చేస్తున్నాయి. మేమంతా ఎదురుగా ఉన్న జింకలను లెక్కపెట్టి ఆగిపోయాం. ఇంట్లో మేకలున్న తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మాత్రం చెట్టు నీడలో పడుకున్న ఇంకో అయిదింటిని చూపించాడు. "చెవులు కదులుతున్నయన్నా, ఈగలను కొట్టుకుంటున్నయి" అన్నాడు. మా డిగ్రీలకు కనబడనిది వాడి కంటికి కనబడింది. ఆ పిల్లవాణ్ని తరగతిలో ఎవరూ సైన్సు బాగా వచ్చినవాడని అనరు.

మన తాతలు, తండ్రులు పశువులు కాశారు, జీతాలున్నారు. అడుగు చూసి ఏ జంతువు పోయిందో, ఎంతసేపయిందో చెప్పగలిగేవారు. దాన్ని ఎవరూ చదువు అనలేదు. ఆఫ్రికా పార్కుల్లో ఆ పనికే ట్రాకర్ అని పేరు పెట్టి జీతమిస్తున్నారు. ఇంటికి పోయినప్పుడు పెద్దలను అడిగి ఆ తెలివిని రాసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి:

(అ) ఉదయం, సాయంత్రం వెళ్లాలి. మధ్యాహ్నం మేసే జంతువులు నీడలో కూర్చొని నెమరు వేస్తాయి.

(ఆ) గాలికి ఎదురుగా నడవాలి. మన వాసన వాటికి ముందుగా చేరకూడదు.

(ఇ) కుక్క జాతి అడుగులో గోళ్ల గుర్తులుంటాయి. పులి, చిరుత అడుగులో మామూలుగా ఉండవు, నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. పిల్లి జాతిదే అయినా చీతా గోళ్లు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి దాని అడుగులో గోళ్లు కనిపిస్తాయి.

(ఈ) తిండి పెట్టకూడదు, రాయి వేయకూడదు, కేకలు వేయకూడదు. ప్లాస్టిక్ కవరు తింటే జింక చచ్చిపోతుంది.

6. పార్కు గీత గీసినప్పుడు మనుషులు ఏమయ్యారు?

టీవీలో ఈ సంగతి తక్కువగా చూపిస్తారు. సెరెంగెటీ అనే పేరు మసాయిలది. అంతులేకుండా సాగే నేల అని అర్థం. వాళ్లు తరతరాలుగా అక్కడ పశువులు మేపుకున్నారు. 1959లో బ్రిటిష్ పాలకులు వాళ్లను పార్కు నుంచి పక్కనున్న న్గొరొంగొరో ప్రాంతానికి పంపేశారు. 2022లో లోలియోండో అనే చోట ప్రభుత్వం హద్దురాళ్లు పాతుతుంటే మళ్లీ ఘర్షణలు జరిగాయి. మరోవైపు మసాయి మారా చుట్టూ మసాయిలు తమ భూములను కన్జర్వెన్సీలుగా లీజుకిచ్చి టూరిజం నుంచి కౌలు తీసుకుంటున్నారు. రెండు దారులూ మన కళ్లముందున్నాయి.

నల్లమలలో చెంచులది ఇదే ప్రశ్న. అమ్రాబాద్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. ఆ అడవిలో పులి ఉంది, చెంచు పెంటలు కూడా ఉన్నాయి. కవ్వాల్‌లో మైసంపేట, రాంపూర్ గ్రామాలను అడవి లోపలి నుంచి బయటికి తరలించారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం వన్యప్రాణుల కోసం ఎవరినైనా తరలించాలంటే ముందుగా వాళ్ల హక్కులు గుర్తించాలి, గ్రామసభ పూర్తిగా తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి. మనలో లా చదివేవాళ్లు, గ్రూప్స్ రాసేవాళ్లు ఈ చట్టాన్ని మార్కుల కోసమే కాకుండా మనవాళ్ల కోసం కూడా చదవాలి.

పులి వద్దని మేము అనడం లేదు. పులి ఉంటేనే అడవి, అడవి ఉంటేనే వాగుల్లో నీళ్లు. కాని దాన్ని కాపాడే ఖర్చు అడవి పక్కన గుడిసె వేసుకున్నవాడొక్కడే భరించాలంటే అది న్యాయం కాదు.

7. మనం పోగలమా?

పోగలం. పాస్‌పోర్టు కావాలి. కెన్యాకు 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకుంటే చాలు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగి వస్తే మన దేశంలోనే క్వారంటైన్‌లో పెడతారు. ఖర్చు మాత్రం ఇప్పుడు మన తాహతుకు మించినదే. విమానం, జీపు కాక పార్కు రుసుమే రోజుకు మనిషికి వేల రూపాయలవుతుంది.

అందుకే ముందు శామీర్‌పేట, తరువాత హరిణ వనస్థలి, ఆ తరువాత మన్ననూరు, ఫర్హాబాద్ వైపు. టూరిస్టుగా కాకుండా ఉద్యోగిగా పోయే దారి కూడా ఉంది. డిగ్రీలో సైన్సు చదివితే యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు రాయవచ్చు. దానికి నాలుగు గంటల్లో మగవాళ్లు 25, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాల్సిన పరీక్ష ఉంటుంది. రోజూ బడికి కాలినడకన పోయివచ్చిన మన పిల్లలు ఆ పరీక్షకు భయపడనక్కర లేదు.

అభ్యాసం

1. జింకకు, యాంటిలోప్‌కు కొమ్ముల్లో తేడా రాయండి. కృష్ణజింక ఏ వర్గానికి చెందుతుంది?

2. అభయారణ్యానికి, జాతీయ పార్కుకు పశువుల మేత విషయంలో తేడా ఏమిటి?

3. వైల్డ్‌బీస్ట్‌లు ఎందుకు వలస పోతాయి? మీ ఊరి నుంచి వలస పోయే మందతోగాని, మనుషులతోగాని పోల్చి రాయండి.

4. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ తాతనో నాయనమ్మనో అడిగి, అడుగుల గుర్తులను బట్టి జంతువులను ఎలా కనిపెట్టేవారో ఒక పేజీ రాసి తీసుకురండి. బాగున్నవాటిని వచ్చే ఏడాది సంచికలో రాసినవారి పేరుతోను, చెప్పిన పెద్దల పేరుతోను అచ్చు వేయమని వార్డెన్ సారును అడుగుదాం.