థోర్ సుత్తి – మన పిల్లల ప్రశ్న



నిజాంపేటలో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి తొంగి చూసినా, బడి లేని రోజున ఎవరో ఒక పిల్లవాడు మెడకు తువాలు కట్టుకొని, ప్లాస్టిక్ సుత్తి పైకెత్తి నిలబడి ఉంటాడు. వాడే థోర్. హైటెక్ సిటీ నుండి నాన్న ఇల్లు చేరేలోగా వాడు లోకాన్ని రెండుసార్లు రక్షించేసి ఉంటాడు. ఆటలో తప్పేమీ లేదు. అయితే అదే పిల్లవాడు సత్యోపదేశ తరగతిలో లేచి, "థోర్ కూడా దేవుడే కదా, మరి మనం ఆయనకు ఎందుకు ప్రార్థన చేయం?" అని అడిగితే ఏం చెబుతాం? "అది సినిమా, నోరు మూసుకో" అని కసరడం జవాబు కాదు. ప్రశ్న మంచిదే. అది అడిగే వయసులోనే జవాబు కూడా దొరకాలి. అందుకు ముందుగా ఆ థోర్ ఎవరో మనకు తెలిసి ఉండాలి.

థోర్‌ను సినిమావాళ్లు పుట్టించలేదు. ఉత్తర ఐరోపాలోని నార్వే, డెన్మార్క్, స్వీడన్, ఐస్‌లాండ్ ప్రజలు ఒకప్పుడు నిజంగా కొలిచిన ఉరుముల దేవుడతడు. ఎర్రని గడ్డం, రెండు మేకలు లాగే రథం, పొట్టి పిడి ఉన్న సుత్తి అతని గుర్తులు. వానకూ పంటకూ రైతులు అతణ్ణే వేడుకునేవారు. ఐస్‌లాండ్ ప్రజలు క్రీ.శ. 1000 ప్రాంతంలో క్రైస్తవులయ్యారు. ఆ తరువాత రెండు వందల ఏళ్లకు, సుమారు 1220లో, స్నోరి స్టుర్లుసన్ అనే ఐస్‌లాండ్ క్రైస్తవుడు ఈ పాత కథలన్నీ గ్రంథస్థం చేశాడు. థోర్‌ను గూర్చి ఈనాడు మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ క్రైస్తవుని కలం నుండే వచ్చింది. ఆ కథల ప్రకారం థోర్‌కు చావు ఉంది. చివరి యుద్ధంలో మహాసర్పాన్ని చంపి, తొమ్మిది అడుగులు వేసి, దాని విషానికి కూలిపోతాడు.

ఇంకొక సంగతి మీ పిల్లలకు చెబితే నవ్వుకుంటారు. ఇంగ్లీషులో 'థర్స్‌డే' అంటే థోర్ రోజు. మనవైపు పెద్దలు బేస్తారం అనేది బృహస్పతివారాన్నే. రోమనులు ఆ దినాన్ని జూపిటర్ పేర, మనవారు అదే గ్రహమైన గురుని పేర పిలిచారు, ఉత్తరాదివారు అక్కడ థోర్‌ను పెట్టుకున్నారు. పోర్చుగీసువారు ఈ పేర్లన్నీ వదిలి 'ఐదవ దినం' అంటారు. క్రైస్తవ లోకంలో చాలామంది మాత్రం పాత పేర్లకు భయపడలేదు. యేసునాథుడు దివ్యసత్ప్రసాదాన్ని స్థాపించిన పవిత్ర గురువారాన్ని కూడా ఇంగ్లీషువారు థోర్ పేరుతోనే పలుకుతున్నారు.

ఇక బొమ్మల కథల్లోని థోర్ 1962 ఆగస్టు సంచికలో పుట్టాడు. 'జర్నీ ఇన్‌టు మిస్టరీ' అనే అమెరికా పత్రిక 83వ సంచికలో స్టాన్ లీ, ఆయన తమ్ముడు లారీ లీబర్, చిత్రకారుడు జాక్ కర్బీ కలిసి అతణ్ణి సృష్టించారు. (అదే సంవత్సరం అక్టోబరు 11న రోమునగరంలో రెండవ వాటికన్ మహాసభ ప్రారంభమైంది!) హల్క్ కంటే బలవంతుణ్ణి ఎలా తేవాలా అని ఆలోచించి, మనిషి కాకుండా దేవుణ్ణి తెస్తే సరిపోతుందనుకున్నానని స్టాన్ లీ తరువాత చెప్పుకున్నారు. అంటే కొలతంతా బలానిదే. ఎర్ర గడ్డం పోయి నున్నని గడ్డం, బంగారు రంగు జుట్టు వచ్చాయి. కుంటికాలి వైద్యుడైన డోనాల్డ్ బ్లేక్ తన చేతికర్రను నేలకు కొట్టగానే అది సుత్తిగా, తాను థోర్‌గా మారిపోతాడు. అహంకారి అయిన కొడుక్కి అణకువ నేర్పడానికి తండ్రి ఓడిన్ అతణ్ణి అలా భూమికి పంపాడని తరువాతి సంచికల్లో వ్రాశారు. ఆ సుత్తిని యోగ్యుడైనవాడే ఎత్తగలడు.

ఇక్కడే మన పిల్లలు తికమక పడతారు. తండ్రి కొడుకును భూమికి పంపాడు, కొడుకు మనిషిగా బ్రతికాడు, కాబట్టి ఇది యేసు కథే కదా అనుకుంటారు. కాదు. థోర్‌కు కుంటికాలు ఒక శిక్ష, గడువు తీరితే పోయే వేషం. ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ రెండవ అధ్యాయం చదవండి. క్రీస్తు తనంతట తానే తన్ను రిక్తుని చేసుకున్నాడని పునీత పౌలు అంటారు. ఆయన మానవత్వం విప్పి పారేసే అంగీ కాదు. ఉత్థానమైన తరువాత కూడా ఆయన చేతుల్లో గాయాలున్నాయి.

సుత్తి మాట కూడా చూడండి. యోగ్యత ఉంటేనే అది లేస్తుంది. దివ్యబలిపూజలో సత్ప్రసాదం స్వీకరించే ముందు మనం చెప్పేదేమిటి? ప్రభువు మన ఇంట అడుగుపెట్టడానికి మనం యోగ్యులం కామని. అయినా ఆయన వస్తాడు. కూకట్‌పల్లి కోచింగుల్లో ర్యాంకుల మధ్య పెరుగుతున్న మన పిల్లలకు 'యోగ్యుడివైతేనే' అన్న మాట రోజూ వినబడుతూనే ఉంది. రెండవ మాట వినిపించే చోటు వారికి ఎక్కడో ఒకచోట ఉండాలి గదా.

అలాగని సినిమా కట్టేసి, బొమ్మ సుత్తి చెత్తబుట్టలో వేయండని నేననను. పునీత బోనిఫాసు సుమారు 723లో జర్మనీలోని గైస్మార్‌లో థోర్‌కు అంకితమైన మహావృక్షాన్ని గొడ్డలితో నరికించి, ఆ కలపతో పునీత పేతురుగారి పేర గుడి కట్టించారు. ఈ కథ అందరికీ ఇష్టం. కాని అదే కాలంలో వించెస్టర్ పీఠాధిపతి డేనియలుగారు ఆయనకు వ్రాసిన ఉత్తరం ఎవరికీ గుర్తుండదు. వారి దేవతలను అవమానించవద్దు, కోపం తెప్పించవద్దు, ఓపికగా ప్రశ్నలడిగి వారినే ఆలోచించనివ్వండి అని ఆ పెద్దాయన సలహా. నా మట్టుకు, మన ఇళ్లలోకి గొడ్డలి కన్నా ఆ ఉత్తరమే పనికొస్తుంది. డెన్మార్క్‌లో దొరికిన పదవ శతాబ్దపు రాతి అచ్చు ఒకటుంది. ఆ కంసాలి దానిలో సిలువలూ పోసేవాడు, థోర్ సుత్తులూ పోసేవాడు. ఒకే ఊళ్లో, బహుశా ఒకే ఇంట్లో, రెండూ కోరేవారుండేవారన్నమాట.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 'హనుమాన్' సినిమా వచ్చింది. అందులో పల్లెటూరి కుర్రవాడికి హనుమంతుని వలన అద్భుత శక్తులు కలుగుతాయి. మన పిల్లవాడికి అదీ, థోర్ సినిమా ఒకటే. కాని ఎదురింటి మామ్మగారికి హనుమంతుడు సూపర్‌హీరో కాడు, ఆమె మంగళవారం ఉపవాసముండి మొక్కే దేవుడు. "మీ దేవుడు గొప్పా, థోర్ గొప్పా" అని లిఫ్టులో ఆమె మనుమణ్ణి మనవాడు ఆటపట్టించకూడదు. ఇతర మతాలలోని సత్యమూ పవిత్రమూ అయిన దేనినీ శ్రీసభ త్రోసివేయదని 1965 అక్టోబరు 28న మహాసభ ప్రకటించింది. ఆ మాట అపార్టుమెంటు లిఫ్టుకు కూడా వర్తిస్తుంది.

ఈ వారం కుటుంబ ప్రార్థన అయ్యాక మత్తయి సువార్త 8వ అధ్యాయంలోని శతాధిపతి కథ పిల్లలచేత చదివించండి. ఆ తరువాత, థోర్ సుత్తి ఆ శతాధిపతి ఇంటి గుమ్మంలో పడి ఉంటే అతడు దాన్ని ఎత్తగలడా, అసలు ఎత్తాలనుకుంటాడా అని అడగండి. మీరు వెంటనే జవాబు చెప్పేయకండి. వాళ్లను వాదించుకోనివ్వండి.