ఇల్లు మారినా నిలిచిన ఇంటిపేరు

సొంత ఊరు విడిచి వచ్చిన మనకు ఇంటిపేరు చిన్న విషయం కాదు. ఈ పాఠంలో ఒక యూదు కుటుంబం ఇంటిపేరు ఎలా పుట్టిందో ముందు తెలుసుకుందాం. తరువాత మన ఇంటిపేర్ల సంగతి ఆలోచిద్దాం.

1. ఇంటిని బట్టి వచ్చిన పేరు

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో యూదులు తమకు ఇష్టమైన చోట కాపురం ఉండడానికి వీలుండేది కాదు. 1462 నుండి వారందరినీ ఒకే ఇరుకు వీధిలో ఉంచారు. అక్కడి ఇళ్లకు నంబర్లు లేవు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, ఆ గుర్తును బట్టి ఒక పేరు ఉండేది. 16వ శతాబ్దంలో ఒక కుటుంబం ఉన్న ఇంటి గుర్తు ఎర్ర డాలు. జర్మన్ భాషలో 'రోట్' అంటే ఎరుపు, 'షిల్డ్' అంటే డాలు. ఆ ఇంటివారు 'రోట్‌షిల్డ్' వారయ్యారు. ఇంగ్లీషువారి నోట అది 'రాత్స్‌చైల్డ్' అయింది. 'చైల్డ్' అని వినబడినా పిల్లవానికీ ఆ పేరుకూ సంబంధం లేదు.

17వ శతాబ్దంలో ఆ కుటుంబం అదే వీధిలో మరో ఇంటికి మారింది. 1744లో పుట్టిన మేయర్ ఆమ్షెల్ రోట్‌షిల్డ్ వర్తకంలో పైకి వచ్చి, 1780లలో ఇంకొక ఇల్లు కొన్నాడు. ఆ ఇంటి పేరు ఆకుపచ్చ డాలు! పచ్చ డాలు ఇంట్లో ఉంటూ కూడా ఆయన ఎర్ర డాలు వాడుగానే ఉన్నాడు. ఆయన ఐదుగురు కుమారులు ఫ్రాంక్‌ఫర్ట్, లండన్, పారిస్, వియన్నా, నేపుల్స్ నగరాలలో బ్యాంకులు నడిపారు. ఊళ్లు ఐదైనా పేరు ఒక్కటే.

2. తండ్రిని బట్టి వచ్చిన పేరు

యూదులందరికీ ఇటువంటి ఇంటిపేర్లు ఉండేవి కావు. ఫలానావాని కుమారుడు ఫలానా అని చెప్పుకోవడం వారి పాత పద్ధతి. బైబిలు చదివేవారికి ఇది తెలిసినదే. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్, 1808లో ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ తమ రాజ్యాలలోని యూదులకు స్థిరమైన కుటుంబనామం ఉండాలని శాసించారు. అప్పుడు కొందరు ఊరి పేరు, కొందరు తండ్రి పేరు పెట్టుకున్నారు. కోహెన్ అంటే యాజకుడు. లేవీ అన్నది గోత్రం పేరు.

మన తెలుగునాట కూడా ఒక ఉదాహరణ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. బెనె ఎఫ్రాయిము అంటే ఎఫ్రాయిము కుమారులు. ఆ సమాజాన్ని నడిపించిన కుటుంబం పేరు యాకోబి, అనగా యాకోబుకు చెందినవారు.

3. ఊరిని బట్టి వచ్చిన పేరు

రాజపాళయం రాజుల పూర్వికులు శతాబ్దాల క్రితం ఆంధ్రదేశం నుండి వచ్చారు. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి. ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆయన పేరులోని మొదటి 'పి' పూసపాటి. విజయనగరం రాజుల ఇంటిపేరు కూడా అదే. 'నాడు' అన్న మాట 'నాటి' అయినట్టే, పూసపాడు అన్న ఊరి పేరు 'పూసపాటి' అయింది. తమిళంలో ట, డ రెండింటికీ ఒకే అక్షరం గనుక ఇక్కడ దానిని 'పూసపాడి' అని పలుకుతారు. పలుకుబడి కొంచెం మారినా పేరులో ఊరు మిగిలింది.

4. మనకు వచ్చిన చిక్కు

తమిళనాడులో పేరుకు ముందు తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టడం వాడుక. బడిలో చేర్చేటప్పుడు మన పిల్లలకూ అలాగే రాయిస్తున్నాం. అక్కడే ఇంటిపేరు జారిపోతుంది. పాస్‌పోర్టు దగ్గర ఆ పొడి అక్షరాన్ని విడమరచి రాయాలి గనుక తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలో కూర్చుంటుంది. తండ్రి యాకోబు అయితే కొడుకు విదేశంలో మిస్టర్ జేకబ్. అతని పిల్లలకూ అదే పేరు. వందేళ్ల తరువాత వారి సంతతివారు "మనం యూదులమా?" అని అడిగితే జవాబు చెప్పేవారెవరు?

కాబట్టి పేరును మాత్రమే చూసి వంశాన్ని తేల్చకూడదు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన" అన్న సామెత మనకు ఉండనే ఉంది. పేరుతోపాటు దాని కథ కూడా చేతికి అందితేనే పిల్లలకు ఉపయోగం. కాగితాలలో ఏమి ఉన్నా సరే, మీ కుటుంబ బైబిలు మొదటి పేజీలో ఇంటిపేరు, దానికి మూలమైన ఊరు, మీ పెద్దలు బయలుదేరిన చోటు, వచ్చిన సంవత్సరం రాసి పెట్టండి. తెలిసిన పెద్దలు ఉండగానే ఈ పని చేయండి.

ఇంటివారందరూ కూర్చుని ఆలోచించవలసిన ప్రశ్నలు:

1. మీ ఇంటిపేరు ఊరిని బట్టి వచ్చిందా, వృత్తిని బట్టి వచ్చిందా, మనిషిని బట్టి వచ్చిందా?
2. మీ పిల్లల సర్టిఫికెట్లలో అది ఉందా?
3. మీ మనవలు దానిని తప్పు లేకుండా పలకగలరా?