నేను మేయరునైతే...

కళాశాలల వక్తృత్వ, వ్యాసరచన పోటీలలో 'నేను మేయరునైతే' అన్న అంశం తరచుగా వినవచ్చేదే. వేదిక ఎక్కిన విద్యార్థి అయిదు నిమిషాలలో వంతెనలు కట్టించి, ఉద్యానవనాలు పెంచి, ఇంటింటికీ ఇరవై నాలుగు గంటలూ నీరిచ్చి, చప్పట్ల మధ్య దిగిపోతాడు. ఆ పనులు చేసే అధికారం మేయరుకు ఉన్నదా, సొమ్ము ఎక్కడినుండి వస్తుంది అన్న ప్రశ్నలు మాత్రం వేదిక మీదికి రావు. పోటీకి అసలు విలువ ఆ ప్రశ్నలలోనే ఉన్నది.

2015లో రాజమహేంద్రవరమన్న పాత పేరును తిరిగి పొందిన రాజమండ్రినే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ నగరంలో పాలకులను ప్రశ్నించడం కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన 'వివేకవర్ధని' పత్రిక అధికారుల లంచగొండితనాన్ని నిర్భయంగా ఎండగట్టింది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనా తీర్మానం వెలువడిన పిదప పురపాలక సంఘాలలో ఎన్నికైన భారతీయులకు చోటు పెరిగింది. న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులు రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. పౌరులు సమావేశమై చర్చించుకొనడానికి వీరేశలింగం 1890లో పురమందిరాన్ని నిర్మించారు.

రాజమండ్రి పురపాలక సంఘం 1994లో నగరపాలక సంస్థ అయినది. చట్టం ప్రకారం ఇక్కడ అధికారం మూడు చోట్ల ఉంటుంది: కార్పొరేటర్లతో కూడిన పాలకమండలి, స్థాయీ సంఘం, కమిషనరు. సభకు అధ్యక్షత వహించేది మేయరు; తీర్మానాలను అమలు జరిపే కార్యనిర్వాహక అధికారం కమిషనరుది. కమిషనరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. 2005లో వచ్చిన మార్పుతో మేయరును నేరుగా ప్రజలు కాక, సభ్యులే ఎన్నుకొనే పద్ధతి ఏర్పడింది. కనుక మేయరు 'ఆజ్ఞాపిస్తాను' అనడం కన్న 'ఒప్పిస్తాను' అనడమే నిజానికి దగ్గర. వేదిక మీద ఆ మాట అంత గంభీరంగా వినిపించకపోవచ్చు.

ఒక్క సమస్యను చేపట్టి చూస్తే ఇది మరింత తేటపడుతుంది. నగరంలోని మురుగు నల్లా ఛానల్ వంటి కాలువల గుండా గోదావరిని చేరుతూ వచ్చింది. నగరవాసులు త్రాగేదీ ఆ గోదావరి నీరే. పుష్కరాలు పన్నెండేళ్లకు ఒకసారి వస్తాయి. అప్పుడు ఘాట్లకు రాష్ట్ర నిధులు వస్తాయి. మురుగు మాత్రం ప్రతిదినం వస్తుంది. శుద్ధి కేంద్రం కట్టడానికి ప్రభుత్వ నిధి దొరికినా, దానిని ఏటేటా నడపడానికి విద్యుత్తు ఖర్చు, సిబ్బంది జీతాలు కావాలి. అవి చాలావరకు ఆస్తిపన్ను, నీటి పన్నుల నుండి రావలసిందే. పన్ను పెంచుతానని చెప్పగల ధైర్యం పోటీదారులలో ఎందరికి ఉంటుందో న్యాయనిర్ణేతలు చూడవలసిన విషయం.

2014లో ఎన్నికైన పాలకమండలి గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలోని అనేక నగరాలలో ఎన్నికలు జరిగినా, రాజమహేంద్రవరంలో జరుగలేదు. ఏళ్ల తరబడి మేయరు లేకుండానే పాలన సాగింది. అటువంటి ఊరి విద్యార్థి 'నేను మేయరునైతే' అని మొదలుపెట్టినప్పుడు, ముందుగా ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో తెలుసుకొని మాట్లాడితే ప్రసంగం వేరుగా ఉంటుంది.

1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంస్థల పదవీకాలం ముగియకముందే ఎన్నికలు పూర్తికావాలన్నది. మహిళలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించింది. పోటీ చేసేందుకు 21 ఏళ్లు నిండితే చాలునన్నది. శాసనసభకైతే 25 ఏళ్లు నిండాలి. పదిహేడేళ్ల ఇంటర్మీడియట్ విద్యార్థికి మరుసటి సంవత్సరం ఓటు వస్తుంది. నాలుగేళ్లకు తన డివిజనులో నామినేషను వేసే అర్హత వస్తుంది.