తరంగ ప్రమేయం ఉండగా డెన్సిటీ మ్యాట్రిక్స్ ఎందుకు?

ప్రశ్న: థర్మల్ యావరేజ్ అంటే రెండుసార్లు సగటు తీయడమేనా? అందుకు డెన్సిటీ మ్యాట్రిక్స్ తప్పదా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, హెబ్బగోడి

జవాబు: రెండుసార్లే. ఒకటి క్వాంటం స్వభావం వల్ల, రెండోది అణువు ఏ స్థితిలో ఉందో మనకు తెలియనందువల్ల. ద్రవంలోని అణువు చుట్టుపక్కలవాటితో ముడిపడి ఉంటుంది. దానికి విడిగా తరంగ ప్రమేయం రాయలేం. 1927లో ఫాన్ నాయ్‌మన్, లాండౌ ఎవరికి వారు డెన్సిటీ మ్యాట్రిక్స్‌ను తెచ్చింది ఇలాంటి చిక్కుల కోసమే. ఉష్ణ సమతాస్థితిలో, శక్తి స్థితుల ఆధారంలో రాస్తే, వికర్ణంపై బోల్ట్‌జ్‌మన్ వాటాలే మిగులుతాయి. కొలవదలచిన రాశితో గుణించి ట్రేస్ తీస్తే సగటు వస్తుంది. ఆధారం మార్చినా ట్రేస్ మారదు. పరీక్షల్లో ఈ మాట రాసేవారు తక్కువ.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి రామన్ ఫలితాన్నే చూడండి. కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో ఒక కంపనం సెంటీమీటరుకు 459 తరంగాలు. 300 కెల్విన్ల ఉష్ణశక్తి అదే కొలతలో సుమారు 208. ఈ కంపనపు సగటు క్వాంటాలు లెక్కేస్తే సుమారు 0.12. ఆంటీస్టోక్స్ గీత తీవ్రత ఈ సగటును బట్టి, స్టోక్స్ గీతది దానికి ఒకటి కలిపిన సంఖ్యను బట్టి ఉంటుంది. నిష్పత్తి దాదాపు 0.11, పౌనఃపున్యాల తేడాకు చిన్న సవరణ చేయాలి. అంటే గీతల వెలుగును పోల్చి ద్రవం ఉష్ణోగ్రత చెప్పవచ్చు!

రామన్‌తో పనిచేసిన సూరి భగవంతం 1940లో కాంతి పరిక్షేపణపై పుస్తకం రాశారు; తర్వాత మీ నగరంలోని ఐఐఎస్సీకి డైరెక్టరయ్యారు. లైబ్రరీలో దొరికితే చదవండి.