సొంత వాహనానికి సహజవాయువు

లీటరు పెట్రోలు బరువు సుమారు ముప్పాతిక కిలో. అది ఒక చెంబులో పడుతుంది. అంతే బరువు గల సహజవాయువును మామూలు పీడనం వద్ద నిలువ చేయవలెనంటే వెయ్యి లీటర్లకు పైబడిన చోటు కావలసి ఉంటుంది. పెట్రోలు కారును సహజవాయువుకు మార్చడంలోని ప్రయోజనాలు, ఇబ్బందులు, ప్రమాదాలు అర్థం కావాలంటే ముందుగా ఈ తేడాను గమనించవలెను.

సహజవాయువులో ప్రధానాంశం మీథేన్. ఒక కర్బన పరమాణువు, నాలుగు ఉదజని పరమాణువులు కలిసి ఒక మీథేన్ అణువు ఏర్పడుతుంది. పెట్రోలుతో పోల్చినప్పుడు ఇందులో కర్బనం పాలు తక్కువ. అందువల్ల అంతే శక్తిని ఇచ్చే సందర్భంలో పొగగొట్టం నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువు దాదాపు 20 నుండి 25 శాతం వరకు తగ్గుతుంది. మసి రేణువులు చాలా స్వల్పం. అయితే మీథేన్ మండకుండా గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో నూరేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటె పాతిక రెట్లకు మించి పనిచేస్తుంది. కనుక కారుతున్న గొట్టంతో తిరిగే వాహనం ఇంధనాన్ని వృథా చేయడమే కాక, పర్యావరణానికి తాను చేయగల మేలును కూడ పోగొట్టుకొనుచున్నది.

వాహనంలో జరిగే మార్పు

వాయువును 200 బార్ల పీడనానికి కుదించి సిలిండరులో నింపుతారు. ఇది కారు చక్రపు గాలి పీడనానికి దాదాపు నూరు రెట్లు. 60 లీటర్ల సిలిండరులో సుమారు 9, 10 కిలోల వాయువు పడుతుంది. ఈ సిలిండరు సాధారణంగా డిక్కీలో అమరుతుంది. అందుచేత సామానుకు చోటు తగ్గుతుంది, వాహనం బరువు పెరుగుతుంది.

సిలిండరు నుండి ఉక్కు గొట్టం ద్వారా వచ్చిన వాయువు పీడన నియంత్రకాన్ని చేరుతుంది. అధిక పీడనం నుండి ఒక్కసారిగా వ్యాకోచించిన వాయువు చల్లబడి, నియంత్రకం గడ్డకట్టే స్థితి ఏర్పడవచ్చు. అందువల్ల ఇంజనును చల్లబరచిన వేడినీటినే దాని చుట్టూ ప్రవహింపజేస్తారు. తరువాత వాయువు పాత వాహనాలలో మిశ్రమకం ద్వారా, కొత్త వాహనాలలో ఇంజెక్టర్ల ద్వారా గాలితో కలిసి ఇంజనులోనికి పోతుంది. పెట్రోలు ట్యాంకు యథాస్థానంలోనే ఉంటుంది. ఒక మీటతో ఇంధనాన్ని మార్చుకొనవచ్చు.

పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉన్నది కనుక ఈ మార్పు సులభం. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకొంటుంది, మీథేన్ అట్లు తేలికగా అంటుకొనదు. కనుక డీజిలు ఇంజనును మార్చవలెనంటే దాని నిర్మాణాన్నే మార్చవలసి వస్తుంది.

వాయువు ఇంజనులో కొంత స్థలాన్ని ఆక్రమించి, లోనికి పోయే గాలిని తగ్గిస్తుంది. ఫలితంగా సుమారు పదింట ఒక వంతు శక్తి తగ్గవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు ఈ లోటు తెలియవచ్చును.

సముద్ర గర్భం నుండి రాజధానికి

1974లో బొంబాయి తీరానికి ఆవల సముద్ర గర్భంలో చమురు కనుగొనబడినది. ఆ ప్రాంతపు క్షేత్రాల వాయువు గుజరాత్ లోని హజీరా వద్ద తీరం చేరి, అక్కడి నుండి బిజయ్‌పూర్, జగదీశ్‌పూర్ ల వైపు సాగే గొట్టపుమార్గం ద్వారా ఉత్తర రాష్ట్రాలకు అందినది. పడమటి సముద్రపు నిధి గంగా మైదానంలోని ఎరువుల కర్మాగారాలకు, ఆపై ఢిల్లీ వీధులలోని వాహనాలకు ఉపయోగపడినది.

ఢిల్లీ గాలి కాలుష్యంపై 1985లో ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంలో 1998 జూలై 28న సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన ఆదేశాలు ఇచ్చినది. 2001 మార్చి 31 నాటికి నగరపు బస్సులన్నీ సహజవాయువుకు మారవలెనని నిర్దేశించినది. గడువు దగ్గరపడే నాటికి వాయువు నింపే కేంద్రాలు చాలలేదు. ఆటోలు, బస్సులు గంటల తరబడి వరుసలలో నిలిచినవి. ఒక్కొక్క పూట నిలిచిపోతే ఆ రోజు కూలి పోయే డ్రైవర్లు గాలి శుభ్రతకు తమ జీతంతో మూల్యం చెల్లించిరి. ఇంజను మారినంత మాత్రాన చాలదు, వాయువు, గొట్టాలు, పంపులు ముందుగా సిద్ధం కావలెనన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. కృష్ణా గోదావరి మైదానంలో సహజవాయువు లభిస్తుండడం వల్ల తెలుగునేలకు కూడ ఈ విషయంతో సంబంధం ఉన్నది. 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ విజయవాడ, హైదరాబాదు నగరాలలో వాహనాలకు వాయువును అందించినది.

పొరుగు దేశాల అనుభవం

పాకిస్తాన్ లో సొంత కార్లు పెద్ద ఎత్తున ఈ ఇంధనానికి మారినవి. 2010 ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా వాహనాలతో ఆ దేశం ప్రపంచంలో అగ్రశ్రేణిన నిలిచినది. అనంతరం వాయువు కొరత ఏర్పడినది. వారంలో కొన్ని రోజులు కేంద్రాలు మూసివేయవలసి వచ్చినది. 2015లో ద్రవీకృత వాయువు దిగుమతి ప్రారంభమైనది. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో 2003 ఆరంభం నుండి పొగ చిమ్మే రెండు స్ట్రోకుల ఆటోలను తొలగించి, వాటి స్థానంలో సహజవాయు ఆటోలను ప్రవేశపెట్టిరి. గాలి మెరుగుదలకు ఇంధనం ఒక సాధనమే గాని, ఆ ఇంధనపు నిల్వను మించి ఆశలు పెంచుకొనరాదని పాకిస్తాన్ అనుభవం చెప్పుచున్నది.

లెక్క వేసి చూడవలెను

ఒక ఉదాహరణ తీసుకొందము. ఒక కారు లీటరు పెట్రోలుతో 15 కిలోమీటర్లు, కిలో వాయువుతో 20 కిలోమీటర్లు నడుస్తుందనుకొందము. పెట్రోలు లీటరు 100 రూపాయలు, వాయువు కిలో 80 రూపాయలు అనుకొంటే, కిలోమీటరుకు పెట్రోలుపై 6 రూపాయల 67 పైసలు, వాయువుపై 4 రూపాయలు ఖర్చు. ఆదా 2 రూపాయల 67 పైసలు. కిట్టుకు 60,000 రూపాయలు వెచ్చిస్తే, అది తిరిగి రావడానికి సుమారు 22,500 కిలోమీటర్లు తిరగవలెను. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు రెండేళ్ళు, 8 కిలోమీటర్లు తిరిగేవారికి ఏడున్నర ఏళ్ళకు పైగా పట్టును. తన ఊరి ధరలను వేసి, ప్రతి కుటుంబం ఈ లెక్క తానే చేసుకొనవచ్చును.

పొదుపులో ప్రమాదం

మీథేన్ గాలికంటె తేలిక. కారినప్పుడు పైకి లేచి చెదరిపోతుంది. గాలిలో 5 నుండి 15 శాతం మధ్య ఉన్నప్పుడు మాత్రమే అంటుకొంటుంది. స్వతస్సిద్ధంగా వాసన లేదు గనుక, కారుట తెలియుటకు ఘాటైన వాసన ద్రవ్యం కలుపుతారు. కాని మూసిన షెడ్డులో వాయువు పోగుపడినచో ఈ సుగుణాలు అక్కరకు రావు.

అసలు ప్రమాదం నాసిరకం సిలిండరులో ఉన్నది. చౌకగా దొరికిన పాత సిలిండరును, లేదా తక్కువ పీడనానికి మాత్రమే తయారైన వంటగ్యాసు సిలిండరును 200 బార్లతో నింపితే, అది బాంబు వంటిది. అందుకే ఆమోదం పొందిన కిట్టును అధికృత కేంద్రంలోనే బిగించవలెను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం వాహనంలో చేసిన మార్పును నమోదు చేయించి ఆర్.సి.లో నమోదు పొందవలెను. సిలిండరుకు 3 ఏళ్ళకొకసారి నీటి పీడన పరీక్ష జరిపించవలెను. ఆ ధ్రువపత్రం తేదీని చూడకుండా వాయువు నింపించుకొనుట తగదు. నింపే సమయంలో అందరూ వాహనం దిగి దూరంగా నిలుచుట నియమం. ఆ రెండు నిమిషాల ఓపిక వాహనంలో కూర్చున్న పిల్లల ప్రాణాలకు సంబంధించినది.

సహజవాయువు శాశ్వత పరిష్కారం కాదు. అది కూడ భూగర్భంలో తరిగిపోయే ఇంధనమే, దేశపు వాడకంలో గణనీయమైన భాగం దిగుమతిపైనే ఆధారపడుచున్నది. అయినను మేలైన మార్గం అందుబాటులోనికి వచ్చు వరకు దీనిని జాగ్రత్తగా, లెక్కతో, చట్టబద్ధంగా వాడుకొనిన వారికి ఖర్చు తగ్గును, పట్టణపు గాలి కొంత తేలికపడును.